డిప్లాయ్ రోజు డేటాబేస్ మైగ్రేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. ఆరుగురం. మిర్చి యార్డులోని కమీషన్ షాపులకూ, ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకూ బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ చేసిపెడతాం. ఎక్కువ భాగం జాంగో (పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్). ఎప్పటివో రెండు అప్లికేషన్లు మాత్రం లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్), మైఎస్‌క్యూఎల్ (ఇంకో డేటాబేస్) మీద నడుస్తున్నాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో అడిగేవీ, విజయవాడలో ఇలాంటి పనే చేసే స్నేహితులు రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగేవీ దాదాపు ఒకే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పలేక ఇక్కడ రాసిపెట్టాను.

అసలు మైగ్రేషన్ ఎందుకు? సర్వర్‌లోకి వెళ్లి ఒక ఆల్టర్ టేబుల్ (టేబుల్‌ని మార్చే కమాండ్) కొడితే పని అయిపోతుంది కదా?

అయిపోతుంది, ఆ ఒక్క సర్వర్‌లో. స్టేజింగ్‌లో, అంటే పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్‌లో, కొట్టడం మర్చిపోతారు. పక్క సీటు అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ కాలమ్ ఉండదు. ఆరు నెలల తర్వాత "ఇది ఎవరు పెట్టారు?" అంటే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ మార్పునే ఒక ఫైల్‌గా రాసి, కోడ్‌తో పాటు గిట్‌లో పెడితే అదే మైగ్రేషన్. ఏ ఫైల్ రన్ అయిందో డేటాబేస్‌లోనే ఒక చిన్న టేబుల్ గుర్తుపెట్టుకుంటుంది. రైల్స్‌లో, లారావెల్‌లో, జాంగోలో దాని పేర్లు వేరు, పని ఒకటే. ఒకసారి ఆ టేబుల్ తెరిచి చూడండి, భయం పోతుంది. జాంగోలో అయితే యాప్ పేరు, ఫైల్ పేరు, రన్ అయిన సమయం ఉంటాయి, అంతే.

ముందు కోడ్ మార్చాలా, ముందు మైగ్రేషన్ రన్ చేయాలా?

ఇది తెలిస్తే సగం పని తెలిసినట్టే. డిప్లాయ్, అంటే కొత్త కోడ్‌ని సర్వర్లలోకి ఎక్కించడం, స్విచ్ వేసినట్టు ఒక్క క్షణంలో జరిగిపోదు. మాకు మూడు సర్వర్లు. ఒకదాని తర్వాత ఒకటి కొత్త కోడ్‌కి మారడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ పాత కోడూ, కొత్త కోడూ ఒకే డేటాబేస్ మీద పనిచేస్తుంటాయి. ఒక్క సర్వరే ఉన్నవాళ్లకీ ఇది తప్పదు. బ్యాక్‌గ్రౌండ్ వర్కర్‌ని రీస్టార్ట్ చేసేదాకా అది పాత కోడ్‌తోనే ఉంటుంది. షాపులో గుమస్తా పొద్దున తెరిచిన ట్యాబ్‌లో సాయంత్రం దాకా పాత జావాస్క్రిప్టే ఉంటుంది.

అందుకని కొత్తగా కలిపేదైతే ముందు మైగ్రేషన్, తర్వాత కోడ్. ఉన్నది తీసేసేదైతే ముందు కోడ్, తీసేసే మైగ్రేషన్ తర్వాతి డిప్లాయ్‌లో. రెండూ ఒకే ఫైల్‌లో రాసి తెస్తే నేను రివ్యూలో వెనక్కి పంపిస్తాను, ఎంత చిన్న మార్పైనా సరే.

జాంగో వాళ్లు ఇక్కడ ఒక గోతిలో పడతారు. మోడల్‌లో డిఫాల్ట్ రాశాం కదా, పాత కోడ్ ఇన్సర్ట్ చేసినా డేటాబేసే ఆ విలువ వేసుకుంటుంది అనుకుంటారు. వేసుకోదు. కాలమ్ కలిపేటప్పుడు ఉన్న వరుసలన్నిటికీ డిఫాల్ట్ నింపి, వెంటనే ఆ డిఫాల్ట్‌ని జాంగో డేటాబేస్‌లోంచి తీసేస్తుంది. ఆ తర్వాత విలువ వేసే బాధ్యత పైథాన్‌ది. పాత కోడ్‌కేమో అలాంటి కాలమ్ ఒకటి ఉందనే తెలియదు. నల్ (ఖాళీ విలువ) కుదరని కాలమ్ అయితే ఆ నాలుగైదు నిమిషాలూ ప్రతి ఇన్సర్టూ ఎర్రరే. జాంగో 5.0లో డీబీ డిఫాల్ట్ అనే ఆప్షన్ వచ్చింది, అది పెడితే డిఫాల్ట్ డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. పాత వెర్షన్‌లో ఉంటే కాలమ్‌ని ముందు నల్ ఒప్పుకునేలా పెట్టి, తర్వాత బిగించండి.

యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడే మైగ్రేషన్ నడిపించేస్తే తేలిక కదా?

ఒకే సర్వర్, ఒకే ప్రాసెస్ అయితే చేసుకోండి, నేనేమీ అనను. రెండో సర్వర్ వచ్చిన రోజు మానేయండి. మూడు కంటెయినర్లు ఒకేసారి లేస్తే మూడూ మైగ్రేషన్ మొదలుపెడతాయి. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్‌లో ఇనిట్ కంటెయినర్‌లో పెట్టినా అదే కథ. అది పాడ్‌కి (నడిచే యాప్ ఒక్కో ప్రతికి) ఒకసారి నడుస్తుంది, డిప్లాయ్‌కి ఒకసారి కాదు. రైల్స్ అయితే తనే ఒక అడ్వైజరీ లాక్ తీసుకుని రెండోవాళ్లని ఆపుతుంది. జాంగో ఆపదు. లారావెల్‌లో ఐసొలేటెడ్ అనే ఆప్షన్ ఇవ్వాలి, అదీ సర్వర్లన్నీ ఒకే క్యాష్ వాడుతుంటేనే పనిచేస్తుంది.

లాక్ ఉన్నా ఇంకో బాధ ఉంది. స్టార్టప్ స్క్రిప్ట్‌లో మైగ్రేషన్ రెండు నిమిషాలు పట్టిందనుకోండి, హెల్త్ చెక్ "ఈ యాప్ లేవలేదు" అనుకుని కంటెయినర్‌ని చంపేసి మళ్లీ లేపుతుంది. మైగ్రేషన్ మళ్లీ మొదటికొస్తుంది. ఇలా నాలుగుసార్లు తిరిగాక మనకి ఫోన్ వస్తుంది.

మేం దాన్ని పైప్‌లైన్‌లో (డిప్లాయ్ పనుల్ని వరుసగా తనే నడిపే ఏర్పాటులో) విడిగా ఒక మెట్టుగా పెట్టాం. ఇమేజ్ బిల్డ్ అయ్యాక, ఆ కొత్త ఇమేజ్‌తోనే ఒక్క కంటెయినర్ లేచి మైగ్రేట్ కొడుతుంది. అది సున్నా ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తేనే సర్వర్లు మారతాయి. ఫెయిలైతే డిప్లాయ్ అక్కడే ఆగుతుంది, పాత కోడ్ నడుస్తూనే ఉంటుంది. కుబర్నెటీస్‌లో దీనికి జాబ్ వాడొచ్చు, హెరోకూలో రిలీజ్ ఫేజ్ ఉంది. రెండు డిప్లాయ్‌లు ఒకేసారి నడవకుండా కూడా పైప్‌లైన్‌లోనే కట్టడి చేయండి. లారావెల్ ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్‌లో, "నిజంగా నడపమంటారా?" అని అడుగుతుంది. పైప్‌లైన్‌లో జవాబు చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి ఫోర్స్ ఇవ్వాలి.

కాలమ్ కలపడానికి టేబుల్ లాక్ అవుతుందా? స్టేజింగ్‌లో క్షణంలో అయిపోయిందే?

మాకూ స్టేజింగ్‌లో క్షణంలోనే అయిపోయింది. ప్రొడక్షన్‌లో జరిగింది చెప్తాను.

మార్చి నెల, మంగళవారం, పదకొండు దాటింది. సీజన్ మధ్యలో యార్డు ఎలా ఉంటుందో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. తక్‌పట్టీ (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీ) టేబుల్‌కి ఒక కాలమ్ కలపాలి. డిఫాల్ట్ కూడా లేదు, నల్ ఒప్పుకునేదే. ఇంత చిన్నదానికి రాత్రి దాకా ఆగడం ఎందుకని డిప్లాయ్ నొక్కాను. ఒక నిమిషం తర్వాత మొదటి ఫోన్. "సార్, తక్‌పట్టీ రావట్లేదండీ, గుండ్రంగా తిరుగుతా ఉంది. రైతు ఎదురుగా నుంచున్నాడు." ఆయన మాట పూర్తికాకముందే రెండో ఫోన్, మూడో ఫోన్. స్క్రీన్ మీద మైగ్రేషన్ కదలదు, ఎర్రర్ రాదు.

జరిగింది ఇది. అదే సమయంలో ఒక కోల్డ్ స్టోరేజీ ఓనర్ గారు ఏడాది మొత్తం రిపోర్ట్ తెరిచారు. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు సెలెక్ట్ కూడా టేబుల్ మీద ఒక చిన్న లాక్ పట్టుకుంటుంది, దాని వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఆల్టర్ టేబుల్‌కి మాత్రం టేబుల్ మొత్తం తనొక్కదానికే కావాలి. కాబట్టి రిపోర్ట్ అయ్యేదాకా అది ఆగింది. అసలు చిక్కు దాని వెనక వచ్చినవాళ్లతో. ఆల్టర్ వరుసలో నిలబడ్డాక, తర్వాత వచ్చిన ప్రతి సెలెక్టూ, ప్రతి ఇన్సర్టూ దాని వెనకే నిలబడాలి. రైలు గేటు దగ్గర ముందు ఒక పెద్ద లారీ ఆగితే వెనక స్కూటర్లు కూడా ఆగిపోయినట్టు. స్కూటర్ పట్టేంత సందు ఉన్నా గేటు వాళ్లకీ పడినట్టే. మా ఆల్టర్ పని మిల్లీసెకన్లదే, వరుసలో నిలబడ్డదే ఆరు నిమిషాలు.

కంట్రోల్ సీ కొట్టి మైగ్రేషన్‌ని ఆపగానే అన్నీ కదిలాయి. ఆ రోజు నుంచి మైగ్రేషన్ నడిపే కనెక్షన్‌కి లాక్ టైమౌట్ మూడు సెకన్లు పెట్టాం. మూడు సెకన్లలో లాక్ దొరక్కపోతే అదే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది, పది సార్లు దాకా. గుమస్తాకి ఒకసారి మూడు సెకన్లు ఆలస్యమైతే అతను కంప్యూటర్‌ని తిట్టుకుంటాడు, మనకి ఫోన్ చేయడు.

మైఎస్‌క్యూఎల్‌లోనూ మెటాడేటా లాక్ పేరుతో ఇదే వరుస ఉంది. పైగా అక్కడ లాక్ వెయిట్ టైమౌట్ డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు. లెక్కేసుకోండి, సరిగ్గా ఒక ఏడాది.

ఇంకొకటి. ఎవరో ఒకరు డేటాబేస్ టూల్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి, కమిట్ చేయకుండా టీకి వెళ్తారు. అదీ లాక్ పట్టుకునే ఉంటుంది. మైగ్రేషన్ ఆగితే ముందు పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్లన్నీ కనిపించే పీజీ స్టాట్ యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఎవరు కూర్చున్నారో చూడండి. మా దగ్గర మూడింట రెండుసార్లు అది నేనే.

లాక్ సంగతి సరే, టేబుల్ మొత్తం మళ్లీ రాసే మార్పులు ఏవి?

పోస్ట్‌గ్రెస్ 11 నుంచి మారని విలువ డిఫాల్ట్‌గా ఉన్న కాలమ్ కలిపితే టేబుల్‌ని తిరగరాయదు. అంతకుముందు ప్రతి వరుసనీ మళ్లీ రాసేది, ఇప్పటికీ చాలామంది ఆ భయంలోనే ఉన్నారు. మైఎస్‌క్యూఎల్‌లో 8.0.12 నుంచి ఇన్‌స్టంట్ పద్ధతి వచ్చింది. ఇంటీజర్ కాలమ్‌ని బిగ్ ఇంటీజర్ చేస్తే మాత్రం పోస్ట్‌గ్రెస్ టేబుల్ అంతా తిరగరాస్తుంది, అంతసేపూ ఎవరినీ లోపలికి రానివ్వదు. అందుకే కొత్త టేబుల్ పెట్టేటప్పుడే ఐడీని బిగ్ ఇంటీజర్‌గా పెట్టండి.

నల్ కుదరదని బిగించేటప్పుడు పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తం చదివి చూస్తుంది. పెద్ద టేబుల్ అయితే ముందు "నల్ కాకూడదు" అని ఒక చెక్ కన్‌స్ట్రెయింట్‌ని నాట్ వాలిడ్‌గా పెట్టండి, తర్వాత విడిగా వాలిడేట్ చేయండి. వాలిడేట్ నడిచేటప్పుడు జనం చదవొచ్చు, రాయొచ్చు. అది అయ్యాక అసలు నాట్ నల్ పెడితే, వెర్షన్ 12 నుంచి మళ్లీ చదవకుండా ఆ చెక్‌నే నమ్ముతుంది. ఫారిన్ కీకి కూడా ఇదే రెండు మెట్ల దారి.

ఇండెక్స్?

పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా క్రియేట్ ఇండెక్స్ కొడితే అది అయ్యేదాకా ఆ టేబుల్‌లో చదవొచ్చు కానీ రాయలేరు. అక్కడ కన్‌కరెంట్లీ వాడండి. ఎక్కువసేపు పడుతుంది, పడనివ్వండి. ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి జాంగో మైగ్రేషన్‌లో అటామిక్ ఫాల్స్ పెట్టాలి. మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి ఇన్‌వాలిడ్ అనే ముద్రతో మిగిలిపోతుంది. దాన్ని ఏ క్వెరీ వాడదు, అయినా ప్రతి ఇన్సర్టూ దానికి పన్ను కడుతూనే ఉంటుంది. దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

కాలమ్ పేరు మార్చాలి. రీనేమ్ ఒక్క లైనే కదా?

ఆ ఒక్క లైన్ రన్ అయిన క్షణం నుంచి పాత కోడ్ మొత్తం పడిపోతుంది. మా బరువు కథ వినండి.

తక్‌పట్టీ టేబుల్‌లో మొదట్లో "బరువు" అని ఒకే కాలమ్ ఉండేది. కాటా మీద కనపడ్డ అంకె అందులో, గోతాల బరువు తీసేసే లెక్క కోడ్‌లో. తర్వాత షాపుల వాళ్లు కాటా బరువూ, నికర బరువూ రెండూ చీటీ మీద విడివిడిగా కనపడాలన్నారు. బరువుని కాటా బరువుగా పేరు మార్చి, పక్కన నికర బరువు కలిపితే చాలనిపిస్తుంది. మేం చేసింది వేరు.

మొదటి డిప్లాయ్‌లో కాటా బరువు, నికర బరువు అని రెండు ఖాళీ కాలమ్‌లు కలిపాం, కోడ్ ముట్టుకోలేదు. రెండోదానిలో కోడ్ మూడు కాలమ్‌లలోనూ రాయడం మొదలుపెట్టింది, చదవడం మాత్రం పాతదాంట్లోంచే. ఆ తర్వాత పాత చీటీల్లో కొత్త కాలమ్‌లు నింపాం. ఈ వరుస తిరగబడకూడదు. ముందు నింపి, తర్వాత మూడింట్లో రాయడం మొదలుపెడితే, నింపడానికీ డిప్లాయ్‌కీ మధ్యలో వచ్చిన చీటీలు ఖాళీగా మిగిలిపోతాయి. మూడో డిప్లాయ్‌లో చదవడం కొత్త కాలమ్‌లకి మార్చాం, పాతదాంట్లో రాయడం ఆపలేదు. ఎందుకంటే ఏదైనా తేడా వస్తే కోడ్‌ని ఒక మెట్టు వెనక్కి తిప్పాలి, అప్పుడు పాత కాలమ్‌లో ఆ రోజు చీటీలు కూడా ఉండాలి. వచ్చింది కూడా. ఒక షాపులో నికర బరువు అర కిలో తేడా చూపించింది. కోడ్ వెనక్కి తిప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, కారణం వెతకడానికి రెండు రోజులు. నాలుగో డిప్లాయ్‌లో పాత కాలమ్‌ని నల్ ఒప్పుకునేలా వదులు చేసి, రాయడం ఆపాం. ఆ వదులు చేయడం మర్చిపోతే ఇన్సర్ట్‌లు ఆగిపోతాయి.

"ఒక పేరు మార్చడానికి మూడు వారాలా అన్నా?" అని మా కుర్రాడు అడిగాడు. పని ఒకటిన్నర రోజుదే, మిగతాది ఆగి చూడటం.

పేరు బాగాలేదన్నదే కారణమైతే డేటాబేస్‌ని అసలు కదపకండి. జాంగో మోడల్‌లో ఫీల్డ్ పేరు ఒకటి, డేటాబేస్ కాలమ్ పేరు ఇంకొకటి పెట్టుకోవచ్చు. మా టేబుల్‌లో కమీషన్ అనే మాటకి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక ఎస్ తక్కువ. మొదటి రోజు నుంచీ అలాగే ఉంది, ఎవరికీ నష్టం లేదు.

పాత డేటా నింపే పని మైగ్రేషన్ ఫైల్‌లోనే పెట్టొచ్చా?

కొన్ని వేల వరుసలైతే పెట్టండి. లక్షల్లో ఉంటే వద్దు. నలభై లక్షల చీటీల మీద ఒకే అప్‌డేట్ కొడితే, పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకీ కొత్త ప్రతి రాస్తుంది, పాత ప్రతులు వాక్యూమ్ (వాటిని ఊడ్చే పని) అయ్యేదాకా డిస్క్‌లోనే ఉంటాయి. ఆ వరుసలన్నీ కమిట్ అయ్యేదాకా లాక్‌లో ఉంటాయి. నిన్నటి చీటీ సరిదిద్దుదామని గుమస్తా సేవ్ నొక్కితే అలాగే ఉండిపోతుంది. రెప్లికా (డేటాబేస్‌కి జంట ప్రతి) ఉంటే అదీ వెనకపడుతుంది.

మేం విడిగా ఒక కమాండ్ రాస్తాం. ఐడీ వరుసలో రెండేసి వేలు తీసుకుని, నింపి, కమిట్ చేసి, కాస్త ఆగి, తర్వాతి రెండు వేలు. కొత్త కాలమ్ నల్‌గా ఉన్నవాటినే తీసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, మనం ఆపినా, మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటి నుంచే సాగుతుంది. చివర్లో నల్‌గా మిగిలినవి ఎన్నో లెక్కపెట్టండి. సున్నా వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

ఇంకో అనుభవం, ఇది పూర్తిగా నా తప్పే. ఒకసారి ఇలాంటి కమాండ్‌లో అప్‌డేట్ క్వెరీ బదులు ఒక్కో చీటీని తీసి సేవ్ కొట్టాను. సేవ్ అయినప్పుడల్లా రైతుకి ఎస్‌ఎంఎస్ వెళ్లే సిగ్నల్ ఒకటి ఉందని గుర్తులేదు. రెండు వందల మందికి వెళ్లాక ఆపాను. మర్నాడు ఒక పెద్దాయన షాపుకి ఫోన్ చేసి, "పోయినేడు సరుక్కి మళ్లీ డబ్బులిస్తన్నారంటగా?" అని అడిగారట. ఇప్పుడు ఇలాంటి పనుల్లో సేవ్ కనపడితే రివ్యూలో ఆపేస్తున్నాం.

చిన్న నింపుడుని మైగ్రేషన్‌లోనే రాస్తే మోడల్‌ని నేరుగా ఇంపోర్ట్ చేయకండి, జాంగో ఇచ్చే చారిత్రక మోడల్‌ని తీసుకోండి. లేకపోతే ఏడాది తర్వాత మోడల్ మారిపోయి, కొత్తగా చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఈ పాత మైగ్రేషన్ దగ్గర అంతా ఆగిపోతుంది.

మైగ్రేషన్ మధ్యలో ఫెయిలైతే సగం మార్పులు ఉండిపోతాయా?

మీ డేటాబేస్‌ని బట్టి. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్ కూడా ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, ఫెయిలైతే అన్నీ వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టరూ తనంతట తానే కమిట్ అయిపోతుంది. మూడు ఆల్టర్లున్న ఫైల్‌లో రెండోది ఫెయిలైతే మొదటిది ఉండిపోతుంది, ఫైల్ మాత్రం రన్ కానట్టే లెక్క. మళ్లీ కొడితే "ఈ కాలమ్ ఇప్పటికే ఉంది" అంటుంది. అప్పుడు టెన్షన్‌లో ఫైల్‌ని రన్ అయినట్టు చేత్తో రాసేసేవాళ్లని చూశాను. ఆ పని చేయకండి. ఏది జరిగిందో చూసి, దాన్ని చేత్తో వెనక్కి తీసి, ఫైల్ సరిచేసి మళ్లీ నడపండి. మైఎస్‌క్యూఎల్ అప్లికేషన్లలో మేం ఫైల్‌కి ఒకే ఆల్టర్ అని నియమం పెట్టుకున్నాం.

రోల్‌బ్యాక్ ఎలా? డౌన్ మైగ్రేషన్ రాయాలా?

రాయండి, మీ ల్యాప్‌టాప్‌లో బ్రాంచ్‌లు మారేటప్పుడు పనికొస్తుంది. ప్రొడక్షన్‌లో నేను దాన్ని దాదాపు ఎప్పుడూ వాడలేదు. కొత్త కాలమ్‌లో అరగంటగా వంద చీటీల సమాచారం పడింది, డౌన్ కొడితే కాలమ్‌తో పాటు అదీ పోతుంది. పైన చెప్పినట్టు మెట్లుగా వెళ్తే కోడ్‌ని ఒక్కదాన్నే వెనక్కి తిప్పితే చాలు. డేటాబేస్‌లో తప్పుంటే దాన్ని దిద్దే ఇంకో మైగ్రేషన్ ముందుకి రాస్తాం.

ముందు బ్యాకప్ తీసుకుంటే భయం లేదు కదా?

తీసుకోండి. కానీ పన్నెండింటికి తీసిన బ్యాకప్‌ని ఒంటి గంటకి వేస్తే మధ్యలో కొట్టిన చీటీలన్నీ పోతాయి. రైతు చేతిలో కాగితం ఉంటుంది, మన దగ్గర లెక్క ఉండదు. కాబట్టి అది రోల్‌బ్యాక్ కాదు, కొంప మునిగినప్పటి తెప్ప.

ఆ తెప్ప తేలుతుందో లేదో ముందే చూసుకోవాలి. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీస్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ రెప్లికేషన్ సరిచేస్తూ, రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ని తీసేశారు. రోజూ పడాల్సిన బ్యాకప్‌ల కోసం చూస్తే అవి లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది, రోజూ ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. వాళ్లు దాచుకోకుండా అంతా బయటపెట్టారు కాబట్టి మనకి తెలిసింది.

మేం నెలకోసారి బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో వేసి, అందులోంచి ఒక చీటీ తెరిచి చూస్తాం. పెద్ద మైగ్రేషన్ ఉంటే ముందు ఆ మెషీన్ మీదే నడిపి ఎంతసేపు పట్టిందో రాసుకుంటాం. స్టేజింగ్‌లో వంద చీటీల మీద నడిపి ధైర్యం తెచ్చుకోవడం వృథా.

ఇద్దరం ఒకే రోజు మైగ్రేషన్లు రాశాం, గొడవొచ్చింది.

జాంగోలో రెండు ఫైళ్లు ఒకే తల్లికి పుట్టినట్టవుతుంది. మెర్జ్ ఆప్షన్ ఉంది. ఇంకా ఎక్కడా రన్ కాకపోతే రెండోవాళ్లు తమ ఫైల్ తీసేసి కొత్తగా తయారుచేసుకోవడమే శుభ్రం. ఒకసారి ప్రొడక్షన్‌లో రన్ అయిన ఫైల్‌ని మాత్రం ఎవరూ దిద్దకూడదు. ఫ్లైవే లాంటి మైగ్రేషన్ టూల్స్ చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె) చూసి పట్టేసుకుంటాయి. జాంగో పట్టుకోదు, అందుకని ఇంకా ప్రమాదం.

మైగ్రేషన్‌కి వేరే డేటాబేస్ యూజర్ కావాలా?

ఉంటే మంచిది. రోజూ నడిచే యాప్‌కి డ్రాప్ టేబుల్ అధికారం ఎందుకు? మధ్యలో పీజీబౌన్సర్ (యాప్‌కీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య కనెక్షన్లు పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే మైగ్రేషన్ దాని గుండా కాకుండా నేరుగా డేటాబేస్‌కి వెళ్లేలా చూడండి. సెషన్ మీద ఆధారపడే అడ్వైజరీ లాక్‌లు ఆ మోడ్‌లో సరిగా పనిచేయవు.

ఇంత తతంగం ఎందుకు? మెయింటెనెన్స్ బోర్డు పెట్టి అరగంట ఆపేస్తే?

ఆపగలిగితే ఆపండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. రాత్రి పదకొండింటికి ఎవరూ వాడని అప్లికేషన్‌కి ఐదు మెట్ల పద్ధతి పాటించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. మా లారావెల్ అప్లికేషన్లలో ఒకటి ఇప్పటికీ అలాగే నడుస్తుంది.

యార్డు సాఫ్ట్‌వేర్‌కి అది కుదరదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నించీ కొనుగోళ్లు, చీటీలు. రాత్రి లారీల్లో వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకుంటూ ఎంట్రీలు. శనాదివారాలు యార్డు సెలవే అయినా కోల్డ్ స్టోరేజీలకి సెలవుండదు, పైగా ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం సరుకు వచ్చేస్తుంది. అందుకని చిన్న మార్పులు, లాక్ టైమౌట్ ఉన్నవి, మధ్యాహ్నం భోజనాల తర్వాత పెడతాం. అందరం సీట్లలో ఉంటాం, ఏదైనా అయితే వెంటనే కనపడుతుంది. అర్ధరాత్రి డిప్లాయ్ చేసి పడుకుంటే తప్పు తెల్లారి ఐదింటికి ఫోన్ రూపంలో వస్తుంది. శుక్రవారం సాయంత్రం మాత్రం ముట్టుకోం.

తీసేసే మైగ్రేషన్లు వేరుగా ఒక జాబితాలో పెట్టుకుంటాం. సీజన్‌లో వాటి జోలికి పోం, అవి ఉన్నంత మాత్రాన నష్టం లేదు. మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చాక ఒక్కొక్కటే తీస్తాం. ఆ బరువు కాలమ్ కూడా అలాగే తీశాం. నాలుగో డిప్లాయ్ తర్వాత రెండు నెలలు ఊరికే పడి ఉంది. సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, మా కుర్రాడే డ్రాప్ కొట్టాడు. లాగ్‌లో 9 మిల్లీసెకన్లు అని వచ్చింది. "అంతేనా అన్నా?" అన్నాడు.